క్రేనక్క ఛాతీ బెల్టు

మా తోడికోడలు టవర్ క్రేన్ నడుపుతుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ముందు నా మొహంలోకి చూస్తారు, ఆ తర్వాత "నిజంగానా?" అంటారు. నిజంగానే. కడుతున్న భవనాల పక్కన ఇనుప కమ్మీలతో అల్లిన పొడవాటి స్తంభం నిలబడి ఉంటుంది చూడండి, దాని తలమీద అడ్డంగా ఒక పెద్ద చెయ్యి, ఆ చేతి కింద అగ్గిపెట్టెలాంటి అద్దాల గది. ఆ గదిలో కూర్చునే మనిషి మా ఇంటి చిన్న కోడలు. పనివాళ్లు ఆమెను క్రేనక్క అంటారు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా క్రేనక్కే అంటారు. చివరికి మా అత్తగారు సైతం ఎవరైనా ఫోను చేస్తే "క్రేనక్క ఇంట్లో లేదండీ" అనడం మొదలుపెట్టింది.

ఆరేళ్లు ఆమె అలా పైన కూర్చుంది. తర్వాత నాలుగేళ్లు కింద నిలబడింది. రెండో కాన్పు అయిన ఏడాదికి మోకాలు దెబ్బతిని నెలల తరబడి మంచం పట్టింది. లేచేసరికి ఒళ్లు బాగా వచ్చేసింది. తగ్గుతుందిలే అనుకున్నకొద్దీ పెరిగింది. నూట ఇరవై నాలుగు కిలోల దగ్గర కంపెనీలో ఉన్న అతిపెద్ద హార్నెస్ కూడా ఆమెకు చాల్లేదు. హార్నెస్ అంటే భుజాల మీదుగా, తొడల చుట్టూ, ఛాతీ మీద అడ్డంగా వచ్చే పట్టీల అల్లిక. నిచ్చెన మీద కాలు జారితే మనిషిని గాల్లో పట్టి ఆపేది అదే. అది పట్టకపోతే పైకి పంపరు. కాబట్టి ఆమెకు ఆకుపచ్చ కోటు తొడిగి, చేతికి వాకీటాకీ ఇచ్చి, కింద నిలబడి క్రేన్‌కు సైగలు చెప్పే పనిలో పెట్టారు.

"నా కుర్చీలో ఇంకెవరో కూర్చుంటే, వాళ్లకి నేను దారి చెబుతున్నా అక్కా," అనేది నాతో. ఫిర్యాదులా అనేది కాదు. కానీ వీధిలో నడుస్తూ ఏ క్రేన్ కనిపించినా మెడ అటే తిరిగేది.

ఆ తర్వాతే బరువు తగ్గే ఆపరేషను చేయించుకుంది. పొట్టసంచిని కోసి అరటికాయంత చేశారు. ఆ ఏడాదిన్నర మా ఇంట్లో పండగే అనుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున ఆమె తూకం మిషను ఎక్కేది, అత్తగారు కళ్లజోడు పెట్టుకుని వంగి అంకెలు చదివేది, మా మరిది గోడమీద రాసేవాడు. నూట పది. తొంభై ఎనిమిది. ఎనభై మూడు. డెబ్భై ఒకటి దగ్గర అంకె ఆగింది. ఆరు నెలలు అక్కడే, కదల్లేదు, మెదల్లేదు. ఆ ఏడో నెల ఒకటో తారీఖున మిషను దిగినదే తడవు చెప్పులేసుకుని సైటుకు పరుగెత్తింది, హార్నెస్ తొడిగి చూడమని అడగడానికి.

సాయంత్రం నేను కళ్లద్దాల దుకాణం నుంచి వచ్చేసరికి ఆమె మెట్లమీద కూర్చుని ఉంది. నేను ఆ దుకాణంలో అద్దాలు బిగించే పని చేస్తాను. చెయ్యి పట్టుకుని తిన్నగా స్నానాల గదిలోకి లాక్కెళ్లింది.

"తొడలకి పట్టింది అక్కా. భుజాలకి పట్టింది. నడుముకైతే ఇంకా రెండు రంధ్రాలు మిగిలాయి."

"మరింకేం?"

"ఇదిగో, ఇది చూడు."

చొక్కా పైకెత్తింది. ఒకే ఇంట్లో పన్నెండేళ్లు ఉన్నాం, అయినా నేను ఎప్పుడూ అలా చూడలేదు. లావుగా ఉన్నప్పుడు నిండుగా ఉండిన రొమ్ములు పైన చదునైపోయి, సరుకంతా అడుక్కి దిగి, దాదాపు బొడ్డు దాకా వేలాడుతున్నాయి. కుడిది ఎడమదానికన్నా పెద్దది. వాటి కింద మడతలో చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా పచ్చిపుండులా ఉంది. అక్కడ పాత నూలు గుడ్డ మడిచి పెట్టుకుంది. ఎన్నాళ్లుగానో అలా పెట్టుకుంటూ మాకెవ్వరికీ చెప్పలేదు.

సైటులో జరిగింది అప్పుడు చెప్పింది. సేఫ్టీ ఆఫీసరు నియమం ప్రకారం ఆమెకు హార్నెస్ తొడిగి, నేలకి అడుగు ఎత్తున ఒక ఇనుప చట్రానికి వేలాడదీశాడట. ఐదు నిమిషాలు వేలాడాలి. ఛాతీ బెల్టు రొమ్ముల మీద పెడితే నొక్కుకుని ప్రాణం పోయినంత పనైంది. కింద పెడితే బకిలు పుండు మీద కూర్చుంది. పైన పెడితే జారి జారి గొంతు దగ్గరకొచ్చింది. ఒకటిన్నర నిమిషానికే దించేశాడు. "మెడకి పట్టేసే బెల్టుతో మిమ్మల్ని పైకి పంపలేను క్రేనక్కా. నన్ను తిట్టుకున్నా సరే," అన్నాడట.

ఏడుస్తుందేమో, ఓదార్చాలేమో అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. చూస్తే ఆమె కళ్లు తళతళలాడుతున్నాయి.

"అక్కా, యాభైమూడు కిలోలు దించేశాను. ఇంక నాకూ క్రేన్‌కీ మధ్య మిగిలింది ఈ రెండే! వీటికి కూడా డాక్టరు ఉంటారు కదా?"

ఉన్నారు. పొట్ట ఆపరేషను చేసిన డాక్టరే చీటీ రాసి ఒక ప్లాస్టిక్ సర్జను దగ్గరకు పంపారు. ఆవిడ పొట్టిగా, చురుగ్గా, కుర్చీలో సగమే కూర్చునే మనిషి. మేం లోపలికి వెళ్లగానే మా తోడికోడలి భుజాన ఉన్న సంచి వైపు చూసి, "ఫోటోలు తెచ్చారా? ఇలా కావాలి, అలా కావాలి అని చాలామంది తెస్తారు," అన్నారు.

ఈమె సంచి బోర్లించింది. పట్టీలూ బకిళ్లూ కొక్కేలూ బల్లమీద గలగలా పడ్డాయి.

"ఇది పట్టాలి డాక్టరుగారూ. నాకు కావలసింది అంతే."

ఆవిడ పగలబడి నవ్వారు. "తొడుక్కోండి, చూద్దాం," అన్నారు. ఆ గదిలోనే తొడిగించి, ఛాతీ బెల్టు పైకీ కిందికీ జరిపి, ఎక్కడ నొక్కుతుందో, ఎక్కడ జారుతుందో చూశారు. తర్వాత హార్నెస్ విప్పించి టేపు తీశారు. గొంతు కింద గుంత నుంచి చనుమొన దాకా ఎడమవైపు ముప్పై నాలుగు సెంటీమీటర్లు, కుడివైపు ముప్పై ఆరు.

"మామూలుగా ఇది ఇరవై ఒకటి, ఇరవై రెండు, అలా ఉంటుంది," అన్నారు. "మీరు చేసిన తప్పేం లేదు. రొమ్ములో చాలా భాగం కొవ్వే. ఒళ్లంతా తగ్గినప్పుడు అక్కడా తగ్గుతుంది. సాగిన చర్మం మాత్రం వెనక్కి ముడుచుకోదు. పైన ఖాళీ, కింద బరువు. బరువు తగ్గే ఆపరేషను తర్వాత చాలామందికి ఇలాగే అవుతుంది. పైకి చెప్పుకోరు, అంతే."

"మరి ఏం చేయొచ్చు?"

"ఏమీ చేయకుండా కూడా ఉండొచ్చు, ముందు అది చెప్పాలి నేను. గట్టి ఆసరా ఇచ్చే బ్రా, పుండుకి మందు, భుజాలకి వ్యాయామం. కొందరికి అది చాలు."

"నాకు చాలదు."

"సరే. కొవ్వు పీల్చేసే పద్ధతి ఒక్కటే అయితే మీకు పనికిరాదు. సరుకు తగ్గుతుంది కానీ సంచి అలాగే వేలాడుతుంది. లిఫ్ట్ అని ఇంకోటి ఉంది, అందులో ఎక్కువైన చర్మం తీసేసి పైకి కడతాం. కానీ మీకు కింద బరువు కూడా ఉంది, దాన్ని అలాగే కడితే మళ్లీ లాగుతుంది. మీకు సరిపోయేది రిడక్షన్. లోపలి కండా కొవ్వూ కొంత, చర్మం కొంత తగ్గించి, మిగిలినదాన్ని ఎత్తి కుడతాం. పైన ఖాళీ నిండాలంటే కొందరికి సిలికాన్ పెడతాం..."

"ఇంత కష్టపడి దించిన బరువు మళ్లీ లోపల పెట్టించుకోనా!"

"...లేదంటే మీ సొంత కండనే కొంచెం మడిచి లోపల దిండులా సర్దుతాం. అది మీకు కుదురుతుంది."

"అదే. అదే కావాలి," అని మా తోడికోడలు కుర్చీలోంచి లేవబోయింది, అప్పుడే బల్ల ఎక్కి పడుకుంటుందేమో అన్నట్టు. డాక్టరు చెయ్యి అడ్డం పెట్టారు.

"కూర్చోండి. చెడ్డ సంగతులు కూడా వినండి." మచ్చలు ఉంటాయి. మొన చుట్టూ గుండ్రంగా, అక్కడి నుంచి నిలువుగా, కింద మడతలో అడ్డంగా, ఓడ లంగరులా. కాలంతో పలచబడతాయి, పూర్తిగా పోవు. మొనల దగ్గర స్పర్శ తగ్గొచ్చు, ఒక్కోసారి తిరిగి రాకపోవచ్చు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా రావు. బిడ్డకు పాలివ్వడం కుదరకపోవచ్చు, ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉందా? ఇద్దరు చాలని ఈమె చెప్పింది. "ఇంకోటి. పొట్ట చిన్నదయ్యాక తిండి తక్కువ, రక్తం తక్కువ. అలాంటివాళ్లకి గాయం నిదానంగా మానుతుంది. ముందు పరీక్షలు చేయించుకోండి, మామోగ్రామ్ కూడా."

మామోగ్రామ్ బాగానే వచ్చింది. రక్తం మాత్రం తొమ్మిదిన్నర దగ్గరుంది. పన్నెండు దాటితే తప్ప కత్తి పట్టనన్నారు డాక్టరు. మూడు నెలలు ఆగాలి.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష మా అత్తగారు. విషయం విని చేతిలో గరిటె అలాగే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పొట్ట కోయించుకుంటే ఊరుకున్నాను. ఇప్పుడు ఇవి కూడానా? రేపు చెవులు బరువనిపిస్తే అవీ కోయించుకుంటావా? ఇంతకీ మావాడు గానీ అన్నాడా ఏమైనా?"

ఆ పక్కనే బూట్లు విప్పుకుంటున్న మా మరిది ఉలిక్కిపడ్డాడు. అతను స్కూలు బస్సు నడుపుతాడు. రోజూ అరవైమంది పిల్లల కేకలు వింటాడు గానీ వాళ్లమ్మ గొంతు పెరిగితే మాత్రం తట్టుకోలేడు. "నాకేం సంబంధం అమ్మా?" అన్నాడు.

"ఆయనకేం సంబంధం అత్తయ్యా? క్రేన్ ఎక్కేది నేను," అంది మా తోడికోడలు. తర్వాత నాకు చూపించినట్టే ఆవిడనూ లోపలికి తీసుకెళ్లి చూపించింది.

బయటికొచ్చాక అత్తగారు గరిటె బల్లమీద పెట్టి కూర్చుంది. "నాకూ ఎండాకాలమంతా ఇలాగే ఒరుసుకుపోయేది," అంది, మావైపు చూడకుండా. "పౌడరు కొట్టుకుని నోరు మూసుకునేదాన్ని. ఆడదానికి ఇది మామూలేననుకున్నాను. డాక్టరుకి చూపించొచ్చని కూడా తెలీదు." ఆ వెంటనే, "రక్తం ఎంతుండాలన్నారూ?" అని అడిగింది.

ఇక ఆ మూడు నెలలూ చూడాలి! ఆవిడ చేతిలో గుడ్ల గిన్నె, ముందు ఈమె. పొట్టలో పట్టేది గుప్పెడే కాబట్టి రోజుకి ఆరుసార్లు పెట్టాలి. ఉడికించిన గుడ్డు, గంటాగి చేప ముక్క, గంటాగి చిక్కుడు గింజలు. సైటులో పని చేస్తుంటే ఫోను చేసి "మాత్ర వేసుకున్నావా?" అని అడిగేది. ఒకసారి ఈమె పొరపాటున వాకీటాకీ మీట నొక్కి పట్టుకుని ఫోను మాట్లాడితే, "ఆ గుడ్డులో పచ్చసొన పారేశావో, చూడు!" అన్న మాట పదహారో అంతస్తు దాకా వినిపించిందట. ఆ రోజు నుంచి కాంక్రీటు పోసేవాళ్లు కూడా అడగడమే, "క్రేనక్కా, గుడ్డైందా?" అని.

రక్తం పన్నెండున్నరకు వచ్చింది. ఆ కాగితం ఆమె ఇంట్లో అందరికీ చదివి వినిపించింది, పక్కింటివాళ్లకి కూడా.

ఆపరేషను రోజు పొద్దున డాక్టరు ఆమెను నిలబెట్టి ఊదారంగు పెన్నుతో గీతలు గీశారు. ఆ మనిషికి వణుకుండాలా, బెరుకుండాలా? తల వంచి చూసుకుంటూ, "డాక్టరుగారూ, లెవెల్ చూసుకోండి. కుడి గీత అర సెంటీమీటరు కిందికి దిగింది," అంది. ఆవిడ దూరంగా జరిగి చూసి, "నిజమే," అని చెరిపి మళ్లీ గీశారు.

నాలుగు గంటలు పట్టింది. నేనూ మా మరిదీ బయట బెంచీమీద కూర్చున్నాం. అతను ఒక్కటే ప్రశ్న పదిసార్లు అడిగాడు, "నొప్పి తెలీదు కదా వదినా?" అని. తలుపు తెరుచుకుని డాక్టరు నవ్వుతూ వస్తే ఇద్దరం ఒకేసారి లేచి ఒకరి కాలు ఒకరం తొక్కుకున్నాం. కుడివైపు ఆరువందల నలభై గ్రాములు, ఎడమవైపు ఐదువందల పది తీశారు. తీసిన ముక్కల్ని పరీక్షకు పంపారు. వారానికి అందులోనూ ఏ దోషం లేదని తేలింది.

మెలకువ వచ్చి, దిండు ఎత్తుచేయించుకుని, కళ్లు దించి చూసుకుంది. కట్ల మీద నుంచి చూపు జారి నేరుగా పొట్టమీదకు వెళ్లింది. "అక్కా!" అంది ఎండిపోయిన గొంతుతోనే, "పొట్ట ఆపరేషను కుట్ల మచ్చలు ఇన్నాళ్లూ అద్దంలోనే చూశాను. ఇప్పుడు అద్దం లేకుండా కనిపిస్తున్నాయి!" నేను ఆపుకోలేక ఏడ్చేశాను. నవ్వితే కుట్లు లాగుతాయని ఆమె పెదవులు బిగించుకుంది.

అంతా నల్లేరుమీద నడకలా సాగిందని చెప్పను. పదకొండో రోజు కుడివైపు నిలువు కుట్టూ అడ్డకుట్టూ కలిసే చోట చర్మం విడిపోయింది, రూపాయి బిళ్లంత. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరు చూసి, బిగువు ఎక్కువగా పడేది అక్కడేననీ, బరువు తగ్గినవాళ్లలో ఇది తరచుగా జరుగుతుందనీ చెప్పారు. "కంగారొద్దు. రోజూ కట్టు మారుద్దాం, మీరు మాత్రం చేతులు పైకెత్తొద్దు, బరువులెత్తొద్దు." మూడు వారాలు రోజూ పొద్దున నేనే కట్టు మార్చాను. అద్దాలకు మరలు బిగించే చేతులు కాబట్టి వణకవని నన్ను ఎంచుకుంది. రోజురోజుకీ గాయం పప్పుగింజంతై, ఆవగింజంతై, ఒకనాడు చూస్తే లేదు. ఎడమవైపు స్పర్శ రెండు నెలల్లో తిరిగొచ్చింది. కుడివైపు సగమే వచ్చింది, ఇప్పటికీ సగమే. "ఆ సగంతో నాకు పెద్ద పనిలేదు," అంటుంది. నిజంగా లెక్కచేయదో, నా కోసం అంటుందో నాకు తెలియదు.

ఆరువారాలు బిగువైన బ్రా వేసుకుని, తర్వాత మెల్లగా చేతుల వ్యాయామాలు చేసి, నాలుగో నెలలో డాక్టరు దగ్గర కాగితం తీసుకుంది. పైకి ఎక్కొచ్చు, బెల్టు కట్టొచ్చు అని.

ఈసారి సైటుకు నన్నూ రమ్మంది. సేఫ్టీ ఆఫీసరు సన్నగా పొడుగ్గా ఉన్నాడు, గొంతు మాత్రం మైకు మింగినట్టుంది. పట్టీలు ఒక్కొక్కటే తొడిగాడు. ఛాతీ బెల్టు దగ్గరకొచ్చేసరికి తను చెయ్యి తీసేసి, "మీరే పెట్టుకోండి," అన్నాడు. ఆమె రెండు కొసలూ పట్టుకుని దగ్గరకు లాగింది. టక్‌మంది. ఎక్కడ ఉండాలో అక్కడే కూర్చుంది. చట్రానికి వేలాడదీశారు. ఒక నిమిషం. రెండు. మూడు. ఆమె గాల్లో మెల్లగా గిరగిర తిరుగుతూ కాళ్లు ఊపుతోంది. ఐదు నిమిషాలయ్యాక "దిగండి క్రేనక్కా, అయిపోయింది," అన్నాడతను.

"ఇంకాసేపు ఉండనివ్వండి, బాగుంది. కాస్త టీ ఉంటే ఇలా అందించండి."

చుట్టూ చేరిన పనివాళ్లు ఈలలు వేశారు. ఎవరో నిజంగానే టీ తెచ్చి ఇచ్చారు, తాగింది కూడా.

నాలుగేళ్లు చెయ్యి పడలేదు కాబట్టి రెండు వారాలు మళ్లీ శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాతి సోమవారం ఆమె రోజు. ఆ పొద్దున ఆమెకు అన్నీ తొందరే. ఏమీ తినకుండానే బయల్దేరబోయింది. అత్తగారు గుడ్డు రుమాల్లో కట్టి జేబులో దోపింది. మా మరిది బస్సు ట్రిప్పు ముగించుకుని సైటు గేటు దగ్గర నిలబడ్డాడట. నాలుగు వందల చిల్లర మెట్లు, మధ్యమధ్య నిలబడే పలకలు. ప్రతి పలక దగ్గరా ఆగి కిందికి చెయ్యి ఊపిందనీ, తనకి తల తిరిగినట్టైందనీ, ఆమె అద్దాల గది తలుపు తెరిచి లోపలికి వెళ్లేదాకా చూస్తూనే ఉన్నాననీ సాయంత్రం చెప్పాడు. మొదటి బరువు కమ్మీల కట్ట. ఈలోగా భవనం ఇరవయ్యో అంతస్తుకు పెరిగింది, దాని మీద చప్పుడు లేకుండా దిగిందట.

నేను ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఒంటిగంటకు ఫోను మోగింది.

"అక్కా!" గాలి హోరు మధ్య అరుస్తోంది. "ఇక్కణ్నుంచి మన మేడ కనిపిస్తోంది. నిజం! నీలం దుప్పటి, నా చొక్కాలు, అన్నీ కనిపిస్తున్నాయి. పడమటి నుంచి మబ్బు వస్తోంది, కుమ్మేసేలా ఉంది. అత్తయ్యని బట్టలు తీసేయమను!"

నేను అరిచి చెప్పాను. మోకాళ్ల నొప్పులని పక్కింటికి వెళ్లడానికి కూడా మూలిగే మా అత్తగారు రెండేసి మెట్ల చొప్పున మేడ ఎక్కేసింది. వెనకే నేనూ ఫోను చెవికి ఆనించుకుని వెళ్లాను. ఊరి మీద రెండు క్రేన్లు నిలబడి ఉన్నాయి. ఆవిడ దుప్పటి తీగమీద నుంచి లాగి, రెండు చేతులతో పైకెత్తి, ఒళ్లంతా ఊగిపోయేలా ఊపడం మొదలుపెట్టింది.

ఫోనులో నవ్వు. "అక్కా, అటు కాదని చెప్పు. ఆ క్రేన్ ఎవరిదో. నేను ఎడమవైపున్నా!"